మూటలు దిగిన కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొలానికి బొత్తిగా పనికిరాని కారు ఒకటి ఉండేది. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, నేలను రాసుకుంటూ పోయేంత తక్కువ ఎత్తు. కోస్తా నుంచి బోధన్ వచ్చి కాలవ కింద చెరకు వేసిన మా నాన్న, ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర దాన్ని ముచ్చటపడి కొన్నాడు. కొని ఊరుకున్నాడా, నాటడానికి నరికిన చెరకు ముచ్చెలను మూటలు కట్టి, సీట్ల వెనక వేసుకుని రెంజల్ వైపున్న పొలానికి తోలేవాడు. పట్టుచీరతో పొయ్యి అలికినట్టుంది మీ సరదా అని అమ్మ దెప్పేది. దెప్పుతూనే తనూ ఆ కారు తోలడం నేర్చుకుంది.

నాకు పదేళ్లప్పుడు నాన్న మంచాన పడ్డాడు. ఏడాది పాటు ఇల్లు, పొలం, నిజామాబాద్ ఆసుపత్రి అన్నీ అమ్మే చూసుకుంది. నాన్నను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, వెనక ఎరువు బస్తాలు వేసుకుని, ఆసుపత్రి నుంచి నేరుగా పొలానికి పోయిన రోజులున్నాయి. ఒక్కనాడూ గొంతు పెంచలేదు, కంటతడి పెట్టలేదు. నాన్న పోయాడు. కర్మకాండలు ముగిశాయి. అప్పుడు మొదలైంది అమ్మకు. పొయ్యి మీద పాలు పెట్టి మాడ్చేసేది. కుళాయి కింద బిందె పెట్టి మరిచిపోయేది. పిలిస్తే రెండోసారికి గానీ పలికేది కాదు.

నా సంగతి చెప్పాలంటే, నాకేమీ అనిపించలేదు. ఆకలీ లేదు, దుఃఖమూ లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉండేది. తండ్రి పోతే పిల్ల కంట చుక్క రాలేదని వచ్చినవాళ్లు గుసగుసలాడుకున్నారు. అది వినిపించినా నాకేమీ కాలేదు.

కారు కూడా అప్పుడే మొదలుపెట్టింది. గేరు వేసి క్లచ్ వదలగానే వెనక ఠక్కుమనేది. గుంటలో పడితే మళ్లీ ఠక్కు. యజమాని పోయిన సంగతి బండికీ తెలిసిందన్నారు కొందరు. కర్మలకు వచ్చిన మా పెద్దనాన్న మాత్రం కారు అమ్మేసి, పొలం కౌలుకిచ్చి, మమ్మల్నిద్దరినీ తనతో కోస్తాకు తీసుకుపోతానన్నాడు. ఒంటరి ఆడమనిషి, పైగా ఈ మతిమరుపు, ఈ డొక్కు బండి, ఇక్కడ ఎట్లా నెట్టుకొస్తుంది అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అమ్మ ఒక్కటే అంది, ముందు కారు బాగుచేయించి చూస్తానని. కారు లేకపోతే రోజూ పొలానికి పోయిరావడం తనవల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

మరునాడు అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నిజామాబాద్ తోలింది. అక్కడ లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు కట్టే షెడ్డు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వినయం ఆయన ఇంటా వంటా లేదు. బండి గేటు దాటకముందే జబ్బు చెప్పేస్తానని గొప్పలు పోయేవాడు. మా కారు చప్పుడు విని, ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టులో క్రాస్ అనే కీలు అరిగిందని తేల్చేశాడు. కిందికి దూరి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి, వదులుగా ఆడటం అమ్మకు చూపించాడు. నిజంగానే ఆడింది. కొత్త క్రాస్ వేశారు. అమ్మ తోలి చూసింది. ఠక్కు.

పెద్దాయన ముఖం మాడింది. బండి వెనక భాగాన్ని బలంగా నొక్కి వదిలాడు. అది ఒక్క ఊపు ఊగి నిలబడింది, అంటే షాకబ్జార్బర్లు మంచివే. చక్రాల బోల్టులు బిగించాడు. చప్పుడు పోలేదు. చివరికి చాయ్ తెప్పించుకుని మా ఎదురుగా కూర్చున్నాడు. ఈ చప్పుడు మొదలయ్యే ముందు బండిలో ఏం మారిందో చెప్పమన్నాడు. మా ఇంట్లో ఏం మారిందో ఆ మనిషికి తెలియదు కదా.

"వెనక మూటలు లేవు" అన్నాను నేను. చాలా రోజులకు నా అంతట నేను మాట్లాడిన మాట అది.

ఆయన గ్లాసు పక్కన పెట్టి లేచాడు. షెడ్డులోని ఇసుక బస్తాలు సీట్ల వెనక వేయించి తోలమన్నాడు. చప్పుడు లేదు. బస్తాలు దింపించాడు. మళ్లీ ఠక్కు. అప్పుడు జాకీని చక్రాల ఇరుసుకు కాకుండా బండి ఒంటికి పెట్టి లేపాడు. చక్రాలు కిందికి వేలాడాయి. నొక్కి పట్టే బరువు లేక, ఒకదాని కింద ఒకటి పేర్చిన కమాన్ పట్టీలు విడివడ్డాయి. రెండో పట్టీ అడ్డంగా విరిగి ఉంది.

అమ్మ వంగి దాన్ని చూసింది. ఆ బస్తాలు అలాగే వేసుకుని తిరిగితే సరిపోదా అని అడిగింది.

"మూటలేస్తే సప్పుడు వోతది గని, ఇరిగింది అతుకుతదా చెల్లె" అన్నాడు పెద్దాయన. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి విరిగినచోట వేలు పెట్టించాడు. వేలికి ఎర్రగా తుప్పు అంటింది.

"గిది ఇయ్యాల ఇరిగింది కాదు బిడ్డా. ఎన్నడో బరువు మోసేటప్పుడే ఇరిగింది. మోసినన్ని దినాలు నోరు మూసుకున్నది. బరువు దిగినంక గిప్పుడు మొత్తుకుంటున్నది. దాని తప్పేం లేదు."

ఆయన కారు గురించే అన్నాడు. అందులో వేరే అర్థం ఆయనకు ఉందని నేననుకోను. అమ్మ కొంగుతో నా వేలు తుడిచింది. తుడిచాక కూడా ఆ వేలు వదల్లేదు.

కొత్త పట్టీ వేయించుకుని, వెనక ఏ బరువూ లేకుండా ఇంటికి వచ్చాం. దారంతా గుంటలే, అయినా చప్పుడు లేదు. పెద్దనాన్న అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. మేమిక్కడే ఉంటామని అమ్మ చెప్పింది. మరి నీ మతిమరుపు సంగతేమిటమ్మా అన్నాడాయన.

"ఇంకొన్నాళ్లు పాలు మాడతాయి బావగారూ. మాడనివ్వండి" అంది.

ఆయన ఒక్కడే వెళ్లిపోయాడు. కొన్నాళ్లు నిజంగానే పాలు మాడాయి, మేం మాడు వాసన కాఫీయే తాగాం. ఆ తర్వాత ఎప్పటి నుంచి మాడలేదో నేను గమనించలేదు.

నాకు మాత్రం ఆ రోజూ ఏడుపు రాలేదు. మరుసటి ఏడు చెరకు కొట్టే రోజుల్లో వచ్చింది. పంట బాగా పండింది, ఇంటి నిండా చుట్టాలు, వంకాయ కూర కూడా బాగుంది. అన్నం కలుపుతూ కలుపుతూ వెక్కివెక్కి ఏడ్చాను. ఇప్పుడేమైందే నీకు అని చుట్టాలంతా చుట్టూ చేరారు. అమ్మ ఏమీ అడగలేదు. తన కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. నా ఏడుపు అయ్యేదాకా తనూ ముద్ద ఎత్తలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. కష్టమంతా గట్టెక్కాక కుప్పకూలిన మనుషులను చాలామందిని చూశాను. అయిపోయింది కదా, ఇంకా ఎందుకు ఏడుస్తావు అని లోకమంతా వాళ్లను అడుగుతుంది. నాకు ఆ ప్రశ్న నోటికి రాదు. కంచం పట్టుకెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.