గోడాదరాలో వినిపించిన బద్లీ కేక

గత మంగళవారం నా తరగతిలో కింజల్ అనే తొమ్మిదేళ్ల పాప మణికట్టును అవసరానికి మించి గట్టిగా పట్టుకున్నాను. నాలుగు వేళ్ల అచ్చు ఎర్రగా పడింది. పాపకు మాటలు రావు, ఇంటికెళ్లి చెప్పుకునే దారి లేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. బార్డోలీలో ప్రత్యేక అవసరాల పిల్లలకు నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు, అప్పటి నుంచి నా చేతులంటేనే భయం. సూరత్‌లో పద్మక్క అనే ఆవిడ ఇలాంటి బడినే ఎన్నో ఏళ్లుగా అలుపు లేకుండా నడుపుతోందని విని, శనివారం సెలవు పెట్టి బయలుదేరాను.

ఎనిమిదింటికి బస్సు ఎక్కాను. గంటకు పైగా ప్రయాణం, టికెట్ యాభై లోపే. కింజల్ వాళ్లమ్మ ఫోన్ చేస్తుందేమోనని దారంతా ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. సూరత్‌లో దిగి, ఆ బడి ఉన్న గోడాదరాకు షేర్ ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు. ఫోన్‌లో పద్మక్కను దారి అడుగుతుంటే విని డ్రైవర్ వెనక్కి తిరిగాడు, అతనూ తెలుగువాడే.

"పద్మక్క బడికా? నా బిడ్డ గాడ్నే సదువుతది."

"ఆవిడకు కోపం రాదా?"

"ఎందుకు రాదక్కా, మనిషే గదా. ఏంది గట్లడుగుతున్నరు?"

ఊరికే అని, డబ్బులిచ్చి దిగాను.

బడి అంటే మేడ మీద రెండు గదులు. కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటే నేల సన్నగా అదురుతుంది. పదకొండింటికి ఒక పాప తల గోడకేసి కొట్టుకోసాగింది. పద్మక్క చేయి అడ్డం పెట్టింది, బుజ్జగించింది, ఒడిలోకి తీసుకుంది. పాప ఆమె చేయి కొరికింది. పద్మక్క గొంతు మారింది. మంగళవారం నా గొంతూ అచ్చం అలాగే మారింది. ఇక కొడుతుందనుకున్నాను.

"బద్లీ!" అని కేకేసింది.

పక్కగదిలో చీరలు మడతపెడుతున్న ఒక తల్లి వచ్చి పాపను అందుకుంది. పద్మక్క మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగింది. పిల్లలెవరూ తలెత్తి కూడా చూడలేదు.

"సాంచాల కాడ కండ్లు మూతబడుతుంటే బద్లీని పిలవాలె. ఇంకో మనిషొచ్చి నిలబడతడు," అంది. "మా నాయిన సిగ్గుపడి పిలవలే. రెండు వేళ్లు పోయినయ్. గాడ పోయేది మన వేళ్లు. గీడ పోయేది పిల్లలయి."

అప్పుడు కింజల్ సంగతి చెప్పాను. ఫర్వాలేదంటుందని ఆశపడ్డాను.

"వాళ్లమ్మకు చెప్పినవా?"

"లేదు."

"ముందుగాల గది చెయ్యి. బద్లీ ముచ్చట తర్వాత."

మూడింటి బస్సులో కూర్చుని కింజల్ వాళ్లమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. "పాప చేయి ఆ రోజే చూశాను టీచర్. మీరు ఎప్పుడు చెబుతారా అని ఎదురు చూస్తున్నాను," అంది. సోమవారం పాపను పంపుతానని గానీ పంపనని గానీ అనలేదు.

మీకు ఓపిక ఎక్కువ అని అందరూ అంటుంటే ఇన్నాళ్లూ పొంగిపోయాను. ఆ పేరు పోతుందనే భయంతో ఒక్కసారీ ఎవరినీ సాయానికి పిలవలేదు. ఇప్పుడు నా చేతులంటే ఉన్న భయం పూర్తిగా పోకపోయినా మంచిదే అనిపిస్తోంది. పద్మక్క బడికి వెళ్లాలనుకునే టీచర్లకు ఒక్క మాట: మీ బడిలో మీరు బద్లీగా పిలవగల మనిషి పేరు ముందే అనుకుని వెళ్లండి. సాగనంపేటప్పుడు పద్మక్క అదే అడుగుతుంది. నాకు ఒక్క పేరూ తోచలేదు.