ఎనిమిదో ఎక్కంలో నా సగం

మొన్న శనివారం మా మనవరాలి బడిలో ఏదో ప్రదర్శన ఉందనీ, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు తప్పక రావాలనీ ఫోనులో కబురొస్తే, కొడుకుకూ కోడలికీ ఆఫీసులు కనక నన్ను పంపారు. ఆటో ఎందుకు దండగ అని రాజమండ్రి ఎండలో నడిచే వెళ్ళి, హాలులో వెనక వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఇకమీదట లెక్కలూ, సైన్సూ, సోషలూ అన్నీ పాటతో, బొమ్మతో, ఆటతో కలిపి చెబుతామండి, ఇది కొత్త పద్ధతండి అని టీచరమ్మ మైకులో అంటుంటే నాకు లోపల నవ్వొచ్చింది. అంతలో పిల్లలు రంగుల కోలలు పట్టుకుని గుండ్రంగా నిలబడి, స్పీకరు పాటకు కోలాటం వేస్తూ ఎక్కాలు అందుకునేసరికి ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇది నేను ఆడిందే అని పక్కవాళ్ళకు చెబుదామని తిరిగితే, ఒక పక్క కుర్చీ ఖాళీ, రెండో పక్క ఎవరో కుర్రతల్లి ఫోనులో వీడియో తీసుకుంటోంది. మన ఈడువాళ్ళు ఒక్కరున్నా చెప్పేదాన్ని. లేరు కనక మీకు చెబుతున్నాను.

మాది ఉప్పాడ. నాన్న మగ్గం నేసేవాడు. మా ఇంటికి కాస్త అవతల, సముద్రం వైపు, ఒక్క గది బడి ఉండేది. దానికి ఒక్కరే పంతులమ్మగారు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేది కూడా ఆవిడే కావడంతో, పాట లేకుండా ఏ పాఠమూ ఆవిడ నోట వచ్చేది కాదు. గోదావరి పాయలు తడి ఇసుకలో మా చేతే గీయించి, వాటి వెంట మమ్మల్ని నడిపిస్తూ ఊళ్ళ పేర్లు పాడించేవారు. ఎక్కాలైతే కోలాటంలోనే. సరుగుడు తోపులో రాలిన కొమ్మలే మా కోలలు, పైసా ఖర్చు లేదు, ఆ సంగతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు ఒక మాట అని కోల కొడితే, రెండోవారు దాని తర్వాతి మాట అని కొట్టాలి. నా జోడీ చేపలవాళ్ళ పిల్ల. నేను అప్పుడూ నవ్వే మనిషిని కాను. ఏంటే, నీ మొహం మీద ఉప్పు ఆరబోశారా అని అది నన్ను ఏడిపించేది. ఆ బడిలో నాతో మాట్లాడేది అదొక్కతే.

మగ్గం గుంటలో కూర్చున్న నాన్నకు రోజూ ఆ టకటకలు వినబడేవి. ఆడుకోవడానికి బడెందుకు, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి మనిషి లేదు, నాలుగో తరగతితో చాలు అన్నాడు. పంతులమ్మగారు ఇంటికొచ్చి, అది ఆట కాదండి, లెక్కేనండి, వచ్చే వారం ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు, మీరూ వచ్చి వినండి, మీ పిల్ల ఎక్కం చెప్పలేకపోతే ఆపైన మీ ఇష్టం అన్నారు. నాన్న సరేనన్నాడు. నాకు అయిదో తరగతి ఉందో లేదో ఆ పూటతో తేలిపోతుందని నాకూ తెలుసు.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు, నాన్న చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పంతులమ్మగారు నన్ను లేపారు. కోలలు పక్కన పెట్టి ఎనిమిదో ఎక్కం ఒక్కదాన్నే చెప్పమన్నారాయన. ఎనిమిది ఒకట్లు ఎనిమిది అన్నాను. కోల తగలాల్సినంత సేపు ఆగాను. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు అన్నాను.

"మధ్యది ఏదమ్మా?" అన్నారాయన.

"అది దానిదండి" అని నా జోడీని చూపించాను.

గదంతా నవ్వింది, నా జోడీ తప్ప. అందులో నవ్వాల్సిందేమిటో నాకు తెలియలేదు. రెళ్ళూ, నాలుగులూ, ఆర్లూ దాని నోటివి. ఇన్నాళ్ళూ వాటిని విన్నానే గాని ఒక్కసారీ అనలేదు. అది కూర్చున్నచోటి నుంచే అందించబోతే ఆయన చెయ్యెత్తి ఆపి, పంతులమ్మగారి వైపు తిరిగి, "పరీక్షలో జోడీని కూడా పక్కన కూర్చోబెడతారాండి?" అన్నారు. ఆవిడ మొహం కందిపోయింది. రేపటి నుంచి వంతులు మార్చి ఆడిస్తానండి, అందరికీ అన్నీ వస్తాయండి అని మెల్లగా చెప్పారు. నిజంగానే మార్చారు కూడా. కాని నాకు ఆ రేపు లేదు. నాన్న అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు.

మర్నాటి నుంచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాను. బడి చప్పుడు అక్కడికి వినబడేది. కొన్నాళ్ళకు జోడీ గొంతులో నా మాటలు కూడా వినబడ్డాయి, ఒకట్లూ, మూళ్ళూ, అయిదులూ. ఎక్కం మొత్తం దానికి వచ్చేసింది. ఒక సాయంత్రం కోలలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నాన్న మగ్గం మీంచి తల తిప్పి చూస్తే, కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆ తర్వాత సముద్రం ఒడ్డును కోసుకుంటూ వచ్చి వాళ్ళ వీధిని తీసేసుకుంది. వాళ్ళు ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు. పెళ్ళయి ఇటు వచ్చాక ఒకసారి వెళ్ళి చూస్తే, బడి ఉన్న చోట పడవలు ఊగుతున్నాయి.

సంసారమంతా ఆ సగం ఎక్కంతోనే నెట్టుకొచ్చాను. వాయికి ఎనిమిది చొప్పున రెండు వాయిల ఇడ్లీ వేస్తే, ఎనిమిదికి ఎనిమిది కలుపుకునేదాన్ని. ఎన్నడూ లెక్క తప్పలేదు గాని, ఎనిమిది రెళ్ళు అన్న మాట మాత్రం నా అంతట నా నోట రాదు.

ప్రదర్శన నుంచి ఇంటికొచ్చాక మనవరాలు, ఇంకా ఎక్కాల పోటీ కూడా ఉంది మామ్మా, నాతో ఆడు అని కోలలు నా చేతిలో పెట్టింది. రోజూ ఫోనులో పాటే దానికి జోడీ, ఆ పూట ఫోనులో ఛార్జింగు లేదట. ఎదురుగా నిలబడి ఎనిమిది ఒకట్లు అని అందుకుంది. అది నాది, నువ్వు రెళ్ళు అను అన్నాను.

"ఏదైతే ఏంటి మామ్మా, నాకు మొత్తం వచ్చుగా" అని, నా కోల పడకముందే రెళ్ళూ, మూళ్ళూ, నాలుగులూ అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, ట్యూషన్‌కు టైమైందని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

కసురుదామనుకున్నాను, కసరలేదు. దాని తప్పేముంది? ఏ ఇన్‌స్పెక్టరు ఒంటరిగా నిలబెట్టినా అది తడుముకోదు, నాలా బడి పోగొట్టుకోదు. పాటా, కోలాటమూ మళ్ళీ పాఠాల్లోకి వచ్చాయి, అదీ సంతోషమే. ఇప్పుడు ఒక పిల్ల రాకపోయినా స్పీకరు ఆగదు, ఎక్కమూ ఆగదు. మా బడిలో ఎవరి జోడీ రాకపోతే వాళ్ళ ఎక్కం మధ్య మధ్య ఆగి ఆగి నడిచేది, ఆ రోజు రానిది ఎవరో గదిలో అందరికీ తెలిసేది.