ముళ్లవేరు మీది కర్బూజా

సర్సెన్‌బాయ్ తాత కర్బూజా గింజను నేలలో నాటేవాడు కాదు. మా గోడ అవతల, ఉప్పు తేలిన తన చెలకలో యంతక్ ముళ్లపొదను మొదలుకంటా కోసి, వేరు తల చీల్చి, ఆ చీలికలో గింజ పెట్టి మట్టి కప్పేవాడు. లోతు నీటిని ముళ్లవేరే తీగకు అందించేది. చనిపోయిన భార్య దాచిన ఆ రకం గింజలు మా ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేవు.

నేను మట్టి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఒకసారి ఆ వేరుపోగును మైక్రోస్కోపులో చూపించాను. నిండా బూజు దారాలు.

"వేరు దీనికి తిండి పెడుతుంది తాతా. ఇది వేరుకి మట్టిలో సారం తెచ్చిస్తుంది."

"మొగుడూ పెళ్లాలన్నమాట. మరి పోట్లాడుకోవా?" అని నవ్వాడు.

పోయిన వేసవంతా ఆయన నుకుస్ పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పుడే మా రెండేళ్ల పాప కాల్లో యంతక్ ముల్లు దిగి చీము పట్టింది, జ్వరం వచ్చింది. భయంతో గోడ మీంచి ఆయన కోడలు ఐజమాల్ మీద అరిచాను.

"ఆ ముళ్లు పీకెయ్యొచ్చు కదమ్మా! చెలకా అది, అడవా?"

మా దగ్గర కోడలు మామగారితో నోరు విప్పి మాట్లాడదు. అందుకే ఆ ముళ్లు ఎందుకో ఐజమాల్‌కి తెలీదు, ఆయన్ని అడగనూ లేదు. రోజూ తెల్లారకముందే వాకిలి ఊడ్చి, తిరిగి మొలిచిన ప్రతి ముల్లునూ తవ్వి పీకింది. చలికి ముందు ట్రాక్టరుతో లోతుగా దున్నించింది.

తాత తిరిగొచ్చి బోడి నేలను చాలాసేపు చూశాడు.

"చేతులు బొబ్బలెక్కాయేమో బిడ్డా. చల్లగా ఉండు," అన్నాడు. ఐజమాల్ తలవంచి మురిసిపోయింది.

వసంతంలో గింజ పెట్టడానికి తాత ఎంత తవ్వినా కుళ్లిన ముళ్లవేళ్లే దొరికాయి. గింజలు ముసలివి, ఇంకో ఏడు ఆగవు. అన్నీ వట్టి నేలలోనే వేశాడు. నాలుగాకులు వేసి, అంచులు మాడి, జూన్‌కల్లా ఎండిపోయాయి. వేళ్లు కడిగి చూశాను. ఒక్క దారం లేదు.

"ఆ దారాలు మళ్లీ పడతాయా?" అన్నాడు తాత.

"ముందు ముళ్లు రావాలి తాతా. వేరు నీళ్లదాకా దిగాలి. ఏళ్లు పడుతుంది."

ఆయనకు డెబ్బై ఎనిమిది. ఖాళీ గింజల సంచి మడతపెట్టాడు.

"కోడలికి చెప్పకు."

"పీకమన్నది నేనే తాతా."

ఆయన మా పాపవైపు చూశాడు. "కాలు మానిందా?"

"మానింది."

"పోనీలే."

మర్నాడు తెల్లవారుజామున గోడవారన ఒక ముల్లు మొలిచి కనిపించింది. ఐజమాల్ చీపురు పక్కన పెట్టి పార తెచ్చింది. నేను ఆపలేదు. ఆపితే ఎందుకో చెప్పాల్సి వచ్చేది.