తాండ్ర చాపల పక్కన చదువు

కిందటేడు అక్క కూతురు టైఫాయిడ్‌తో మంచాన పడి లేచేసరికి దాని చదువు వెనకబడిపోయింది. సాలూరులో లారీ నడిపే బావ, వేసవి మొదట్లో పిల్లని శృంగవరపుకోటలో మా ఇంట్లో దించాడు.

"ఒసే మరదలా, దీనికి నువ్వే సదువు సెప్పు. ఇక్కడి హైస్కూల్లో ఆరో క్లాసు సీటొస్తే సదివిస్తాను. రాకపోతే మల్లీ అయిదుకి పంపను, ఇంట్లోనే ఉంటాది" అని తేల్చేశాడు.

సీటు రావాలంటే తెలుగు మేష్టారి ఎదుట కూర్చుని వ్యాసం రాయాలి. నలుగురిలో నోరు పెగలని నాకు, ఆ పరీక్ష నేనే రాయాల్సినంత భయం పట్టుకుంది.

పిల్ల మాటల పుట్ట. పెన్ను చేతికిస్తే మాత్రం ఇంకెవరో అయిపోయేది. మా ఊరి గురించి రాయమంటే "మా గ్రామము మిక్కిలి సుందరమైనది. పచ్చని పైరులు కలవు" అని రాసి, ఆపైన పెన్ను కొరుకుతూ కూర్చునేది. నేను రోజూ రాసుకునే డైరీలో అలాంటి వాక్యం ఒక్కటీ ఉండదు. అయినా పరీక్షంటే అవే కావాలనుకుని మరికొన్ని బట్టీ పట్టించాను.

అది అమ్మ పెరట్లో తాండ్ర పోసే కాలం. మామిడిరసంలో బెల్లం కలిపి చాప మీద పల్చగా పూస్తుంది, అది బాగా ఎండాక పైన ఇంకో పొర. కాకులు వాలకుండా మేమిద్దరం పక్కనే నీడలో కూర్చుని చదువుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం పిల్ల తన వ్యాసం గట్టిగా చదివితే అమ్మ తలెత్తింది.

"ఎవుల ఊరే అది?"

"మనదే అమ్మమ్మా."

"మరి సంతలో అడ్డాకులమ్మేదీ? నిన్న నువ్వు తగువాడినావు కదే దాంతోటి!"

"అవన్నీ రాయకూడదు. ఇది వ్యాసం."

"అయితే నీ యాసం నువ్వే ఇనుకో."

పిల్ల పకపకా నవ్వి, సంతలో తగువెలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ రసం చేతులతోనే ఆగిపోయి, "తరవాతేటయినాది?" అంటూ వింది. "ఇదే రాయి" అన్నాను నేను.

అప్పట్నుంచి ముందు అమ్మకి చెప్పడం, తరవాత రాయడం. అమ్మ "తరవాతేటయినాది" అన్న చోటు ఉంచేవాళ్లం. వింటూ వింటూ చాప వైపు తిరిగిపోయిందంటే ఆ ముక్క కొట్టేసేవాళ్లం. పుస్తకాల భాషలోకి మార్చుకోవడం మా ఇద్దరి పని. మేష్టారికి ఇలాంటివి నచ్చుతాయో లేదో అన్న బెంగ మాత్రం నాకు తీరలేదు.

పరీక్షలో వేసవి సెలవుల గురించి రాయమన్నారట. గంట కొట్టాక పిల్ల ఏడుపు మొహంతో, నేను కాచుకుని ఉన్న బడి వరండాలోకొచ్చింది.

"అవలేదు పిన్నీ. మబ్బొచ్చీసి అమ్మమ్మ పైపొర పోసీసిన కాడికే రాసినాను."

ఆ మబ్బు సంగతి నాకు తెలుసు. కొండల మీద నల్లగా కమ్ముకుంటుంటే వాన పడేలోగా ముగించాలని అమ్మ హడావిడి పడి, కింది పొర ఆరకుండానే పైపొర పోసేసిన రోజది. సగం వ్యాసం, అదీ తాండ్ర గురించి! బావ మాటలు గుర్తొచ్చాయి.

మేష్టారు కాగితంతో మా దగ్గరికే వచ్చారు. కళ్లజోడు సర్దుకుని పిల్లని అడిగారు.

"మీ అమ్మమ్మ తడి పొర మీదే ఇంకో పొర పోసింది. తరవాత ఏమైంది?"

పిల్ల ఏడుపు మరిచిపోయింది. "బూజట్టీసిందండి. ఎవులికీ సెప్పద్దని, గీకీసి ఆవుకి పెట్టీసిందండి. పాలు తియ్యగుంటాయేమోనని మర్నాడు నాను తాగి సూసినానండి."

"ఉన్నాయా?"

"లేవండి."

ఆయన గట్టిగా నవ్వారు. "బడి తెరవగానే వచ్చి చేరమ్మా" అని, నా వైపు తిరిగి, "ఎవరు నేర్పారు?" అన్నారు. నేను పిల్ల వైపు చూశాను. పిల్లే చెప్పింది: "పిన్ని రాయించీదండి. అమ్మమ్మ ఇనీది."

దారంతా ఎండ మండిపోతున్నా నాకు చల్లగానే ఉంది. వేసవి మొదలైనప్పట్నుంచి గుండెల మీదున్న బరువు దిగింది. గుమ్మంలోనే ఎదురొచ్చిన అమ్మ, సీటు వచ్చిందనగానే పైకి చూసి దండం పెట్టుకుంది.

"ఇంతకీ ఏటి రాసినావే?"

పిల్ల నా వెనక నక్కింది. నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఓలమ్మో! నా తాండ్ర బూజట్టినాదని మేష్టారికి సెప్పీసినావే గుంటా! ఇంక ఈ ఊర్లో నా తాండ్ర ఎవులు తింతారే?" అంటూ అమ్మ చీపురు కోసం చూసింది. చూస్తూ చూస్తూ ఆగిపోయి, గడప మీద చతికిలబడింది.

"సరే, సెప్పు. తరవాతేటన్నారు మేష్టారు?"