బ్రేకు లైటు వెలిగిందా?

మా వారి పాత కారుకి ఒక జబ్బుండేది. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైటు ఒక్కోసారి వెలిగేది, ఒక్కోసారి వెలిగేది కాదు. బ్రేకు పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్చు అరిగిపోయిందట. ఈ కాలపు కార్లలో ఏది పాడైనా డ్రైవరు ముందు ఒక దీపం వెలిగి చెబుతుంది. మా దానికి ఆ సదుపాయం లేదు. ఆ దీపం ఉద్యోగం నాది.

ఢిల్లీ రూళ్ల ప్రకారం ఆ కారుకి ఎప్పుడో కాలం చెల్లింది, ఊళ్లో రోడ్డెక్కకూడదు. అందుకని రిటైరయ్యాక ఆదివారాలు ద్వారకాలో మా కాలనీ గేటు దాటకుండా నాలుగు రౌండ్లు తిప్పేవారు. ఆ భాగ్యానికి నేను మూడంతస్తులు దిగి కారు వెనక నిలబడాలి. ఆయన బ్రేకు తొక్కి, "ఏమోయ్, వెలిగిందా?" అని అరిచేవారు.

"వెలిగింది మహాప్రభో! ఈ కాలనీలో మిమ్మల్ని వెనకనుంచి గుద్దేదెవరండీ, పాలవాడి సైకిలా?" అని విసుక్కునేదాన్ని. ఎలాగూ దిగానుగా అని పక్క సీట్లో కూర్చునేదాన్ని. ధౌలా కువాన్ క్వార్టర్సులో ఉన్న రోజుల కబుర్లు చెప్పుకుంటూ పార్కు చుట్టూ తిరిగేవాళ్లం.

ఆయన పోయి ఏడాదైంది. కారు కొంటానని డెహ్రాడూన్ నుంచి ఒకాయన వచ్చాడు. ఇవ్వడానికి మనసొప్పలేదు, అలాగని నాకు నడపడం రాదు. జబ్బు వస్తువు అంటగట్టడం ఇష్టంలేక, మా పాత మెకానిక్కును పిలిచి ఆ స్విచ్చు మార్చమన్నాను.

అతను వంగి చూసి లేచాడు.

"అచ్ఛా, మీకు తెలీదా ఆంటీజీ? అంకల్‌జీ మూడేళ్ల కిందటే కొత్తది వేయించారు. మీకు చెప్పొద్దన్నారు. బాగైపోయిందని తెలిస్తే ఆవిడ కిందికి దిగదు భయ్యా, అన్నారు."

ముందు కోపమే వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషిని రెండేళ్లు ఉత్తపుణ్యానికి మెట్లు దింపుతారా! షికారుకి రమ్మని నోరారా అడగొచ్చుగా? అడిగేవారు. అంతకుముందు ఎన్ని ఆదివారాలు అడగలేదు? పొయ్యి మీద పప్పుందనో, బట్టలు ఆరెయ్యాలనో చెప్పి తప్పించుకున్నదాన్ని నేనే.

కొన్నాయన తాళాలు తీసుకున్నాక, వెళ్లేముందు ఒక్క రౌండు తిప్పమని బతిమాలాను. పక్క సీట్లో కూర్చున్నాను. పార్కు మలుపు దగ్గర ఏడుపాగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి నా అంతట నేను అడిగి ఎక్కాను. నడిపే మనిషి మా వారు కాదు.