తిరగ కలిపిన ఆవకాయ

మొన్న పొద్దున మా కోడలు ఫ్రిజ్‌లోంచి ఆవకాయ సీసా తీసి మూత తిప్పితే, ముక్కుకు ఆవఘాటు తగలాల్సిన చోట చెమ్మ వాసన వచ్చింది, తడిగుడ్డను మడతపెట్టి మరిచిపోతే వచ్చే వాసన. పైన తెల్లగా బూజు. "అత్తమ్మా, ఫ్రిజ్‌ల పెట్టినా గిట్లెట్లయింది?" అంది. ఎవరో తడి చెంచా పెట్టుంటారన్నాను. ఆమె సీసాను చెత్తబుట్టలో వేసి ఆఫీసుకు పోయింది. మా ఆయనుంటే పోతే పోయిందిలే, ఇంకోటి కొందాం అనేవాడు. ఆయనా లేడు. ఎల్బీనగర్‌లో ఈ నాలుగో అంతస్తు వంటింట్లో, మోకాళ్లు పీకుతుంటే గట్టు పట్టుకుని నిలబడ్డాను. పాడైన పచ్చడి వాసనలోంచి పాడుకాని పచ్చడి ఒకటి గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటే పట్నం చివర. బెజవాడ రోడ్డు దాటితే ద్రాక్షతోటలు, తోటల వెనక రాళ్లు, రాళ్ల మీద మేకలు. మాది నల్లగొండ దగ్గర పల్లె; నాయన లారీల షెడ్డులో పనికి కుదిరి మమ్మల్ని తెచ్చి రెండు గదుల పెంకుటింట్లో పెట్టాడు. ఎండాకాలం వచ్చిందంటే అమ్మకు తిండిని కాపాడుకోవడమే పెద్ద పని. కొత్తిమీర కాడల్ని చెంబు నీళ్లలో నిలబెట్టేది, పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసి పొడిగుడ్డలో చుట్టేది, పెరుగు కుండను తడి ఇసుక మీద కూర్చోబెట్టేది, కందిపప్పుకు ఆముదం పట్టించి ఎండలో ఆరబోసేది, బియ్యంలో వేపాకు కలిపి, అన్నంలో ఆకు వస్తే తీసిపారేసి తినమనేది. మేం నేరేడుపండ్లు తిని గౌన్ల మీద కార్చుకుని వస్తే వీపు మీద ఒకటి వేసి, పుల్లమజ్జిగ రుద్ది, బండ మీద ఆరేసేది. మరక సగం మజ్జిగకు, సగం ఎండకు పోయేది. పోని మరకతోనే బడికి పోయేదాన్ని. ఒక ఏడు ఆ బడి కూడా ఎక్కువ రోజులు నడవలేదు. తెలంగాణ వేరుగా కావాలని మొదటిసారి గొడవ లేచిన ఏడు అది. రోజూ బందే. మూసారాంబాగ్ వంతెన దాటి పాలు రాకపోతే బెల్లం వేసిన గంజి తాగి, మేం కూడా వీధిలో నినాదాలు అరుస్తూ జులూస్ ఆట ఆడేవాళ్లం. జెండాకు అమ్మ మసిగుడ్డ.

మా గోడకు ఆనుకుని ఉన్న వాటాలో బెజవాడ వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది, నేను అత్తమ్మ అని పిలిచేదాన్ని. ఆమె భర్త ఏదో ఆఫీసులో గుమస్తా, నెమ్మదైన మనిషి. వాళ్లకు పిల్లలు లేరు. వాళ్లింట్లో నేను తిరిగినంత పిల్లి కూడా తిరగలేదు. ఆమె ఆవకాయ పెట్టేరోజు మా ఇంటిదాకా ఆవపిండి ఘాటు వచ్చి అందరం తుమ్మేవాళ్లం. అమ్మ అల్లంవెల్లుల్లి నూరి, నూనె కాచి పోసేది. అత్తమ్మ పచ్చినూనే పోసేది. దాని మీద ఇద్దరికీ ఏటేటా వాదన. అత్తమ్మ మూడోనాడు జాడీని తిరగ కలిపి, వేడన్నంలో మొదటి ముద్ద నా నోట్లో పెట్టేది. కళ్లల్లో నీళ్లు కారుతుంటే ఇంకో ముద్దకు నోరు తెరిచేదాన్ని.

ఆ ఏడు ఆమె ఆవకాయ కలిపిన రోజే, పొద్దుగూకే వేళ, నాయన చేతులు నల్లగా చేసుకుని వచ్చాడు. షెడ్డు గ్రీజు కాదది. తారు. నాయనకు ఒక ఆఫీసులో అటెండరు పని చేతిదాకా వచ్చి పోయింది. ఆ కుర్చీలో కోస్తా మనిషిని కూర్చోబెట్టారని ఆయన కడుపులో మంట. మా వాడకట్టు మొదట్లో ఉన్న గోడ మీద, తెల్లటి సున్నం మీద, ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని నిలువెత్తు అక్షరాలు రాసి వచ్చాడు. తెల్లారి పంపు దగ్గరికి పోతూ అత్తమ్మ అది చదివింది. ఆ మధ్యాహ్నమే, భర్తతో ఊరికి బయల్దేరుతూ, ఒక పెట్టె, ఒక సంచీతో మా గుమ్మం ముందు నిలబడింది.

"వదినగారూ, తాళం మీ దగ్గరుంచండి. రేపు జాడీ తిరగ కలపాలి. అడుగు ముక్క పైకి రావాలి, చేత్తోనే కలపండి. తడి మాత్రం తగలనీయకండి. ఏడాది పచ్చడి."

"పచ్చడి సంగతి నాకిడిసిపెట్టు వదినె. మీరు పైలంగ పోయి రాండ్రి."

అత్తమ్మ తాళంచెవి అమ్మ చేతిలో పెట్టింది. నా తల మీద చెయ్యి పెట్టి, "మొదటి ముద్ద నువ్వే తినేయ్, యాదమ్మా" అంది. నేను ఏడుపు ఆపుకోలేదు. లోపల్నుంచి నాయన మాత్రం బయటికి రాలేదు.

తెల్లారేసరికి అమ్మ ముట్టయి వెనక వసారాలో కూర్చుంది. ఆ రోజుల్లో ముట్టయినవాళ్లు పచ్చడి జాడీ నీడ కూడా తొక్కేవాళ్లు కాదు. నన్ను వాళ్లింటికి పొమ్మంది. నేను పీట మీద పీట వేసుకుని, చంక దాకా చెయ్యి పెట్టినా వేళ్లకు పైముక్కలే తగిలాయి. అడుగున పిండి నూనెలో తడవకపోతే బూజు పడుతుంది, జాడీ అంతా పోతుంది, పచ్చడి పోతే అత్తమ్మ ఇక రాదు. నా లెక్క అదే. ఏడుస్తూ వచ్చి చెప్పాను.

అమ్మ వసారాలోంచే నాయనను కేకేసింది. "ఇగో, జాడీ నువ్వు కలపాలె."

"నేనా? ఆళ్ల పచ్చడికి నేను కావలుండాల్నా?"

"గోడ మీద అంతంత అక్షరాలు రాసిన చెయ్యేనాయె. గా చెయ్యికి అడుగు అందదా?"

నాయన వసారా గుమ్మం దాకా వచ్చాడు. తర్వాత చేతులు చూసుకున్నాడు. గోళ్లలో తారు అట్లాగే ఉంది. దాన్ని సబ్బుతో రుద్దితే పోదు, నీళ్లు పోస్తే ఇంకా అంటుకుంటుంది. అమ్మ కూర్చున్నచోటు నుంచే చెప్తుంటే నేను అందించాను: ముందు నువ్వులనూనె పోసి, తారు కరిగేదాకా రుద్ది గుడ్డతో తుడవడం, ఆ తర్వాత బూడిద, ఆ తర్వాత కుంకుడు నురగ, చివరకు శనగపిండి. వేపపుల్లతో గోళ్లు గీసుకున్నాడు. నీటిచుక్క మిగలకూడదని రెండు చేతులూ పైకెత్తి వాకిట్లో ఎండకు నిలబడ్డాడు. దారిన పోయే షెడ్డు మనిషి ఒకాయన ఆగి, "ఏంది మల్లన్నా, పోలీసులొచ్చిన్రా?" అన్నాడు. "నీ పని జూస్కోపో" అన్నాడు నాయన, చేతులు దించకుండానే.

వాళ్లింట్లో నాయన అడుగుపెట్టడం నేను చూసింది అదే మొదలు. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి, భుజం దాకా చెయ్యి దించి, అడుగున పట్టి పైకి తెచ్చి మెల్లగా తిప్పాడు. వేలికి అంటింది నాకి చూశాడు. "ఉప్పు తక్కువైంది" అని, మా ఇంట్లోంచి గుప్పెడు గల్లుప్పు తెప్పించి, దంచి కలిపి, నూనె పైకి తేలేదాకా పోశాడు. ఇంటికొచ్చి మండే చేతిని మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చున్నాడు. వేడన్నం నేనే వండుకుని ముద్ద తిన్నాను. పెట్టే చెయ్యి లేని ముద్ద అది.

వానలు వెనకబట్టాక వాళ్లు వచ్చారు. అత్తమ్మ సామాను దించకుండానే జాడీ మూత తీసి వాసన చూసింది, ముక్క కొరికింది.

"ఉప్పెవరు వేశారు?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన గుమ్మం పట్టుకుని, "తక్కువనిపించిందమ్మా. జర్రంత ఏసిన" అన్నాడు.

"మావారూ ఏటా అదే అంటారండీ. నేనే ఒప్పుకోను" అని నవ్వింది. ఒక గిన్నె నింపి ఆయన చేతికే ఇచ్చింది. నాయన రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ ఆదివారం నాయన బొక్కెన నిండా సున్నం కలుపుకుని పోయి ఆ గోడకు పూశాడు. ఆరేదాకా తెల్లగానే ఉంది. ఎండకు తారు మళ్లీ పైకి తేలింది. ఇంకోసారి పూశాడు, ఇంకోసారి తేలింది. చేతి తారుకు నూనె ఉంది. గోడ తారుకు ఏముందో అమ్మకూ తెలియదు. అత్తమ్మ రోజూ తల దించుకుని దాని ముందు నుంచే పంపుకు పోయింది. మళ్లీ ఏడు మామిడికాయ రాకముందే అత్తమ్మ భర్త బదిలీ చేయించుకున్నాడు. జాడీకి గడ్డి చుట్టి నాయనే లారీలో ఎక్కించాడు. ఉత్తరాలు రాసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

నాకు తల నెరిసినాక మళ్లీ ఆ గోడ మీది మాటలే ఇదే రోడ్డు మీద విన్నాను. తెలంగాణ వచ్చింది. చూడ్డానికి నాయన లేడు. ద్రాక్షతోటలు లేవు, ఆ గోడా లేదు. దాని మీదుగా మెట్రో స్తంభాలు లేచాయి. పిల్లలు పచ్చడి ఎట్లా నిలవ చేయాలని అడిగితే ఉప్పు, ఎండ, తడిలేని చెయ్యి అని చెప్తాను. వింటారు, ఫ్రిజ్‌లో పెడతారు.

మొన్న ఆ సీసాను బుట్టలోంచి తీసి, కడుగుదామని చెయ్యి పెట్టాను. నాలుగు వేళ్లు లోపలికి పోయాయి, పిడికిలి పట్టలేదు. ఇప్పుడు నా చెయ్యి ఎంత లోతుకైనా అందుతుంది. అంత లోతు జాడీయే ఏ ఇంట్లోనూ లేదు.