నోట్‌బుక్‌లో తొమ్మిదో స్టెప్

ఆ కంపెనీలో చేరేనాటికి నాకు అరవై ఒక్క ఏళ్ళు. అంతకు ముందు కెనడాలోని విండ్సర్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. అక్కడ మా విభాగాన్ని మూసేసిన రోజున కాఫీ మగ్గూ, చలికాలంలో ఆఫీసులో వేసుకునే చెప్పులూ ఒక అట్టపెట్టెలో పెట్టుకుని బయటికి వచ్చాను. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: 'రిటైరవడమంటే ఇది కాదు.' అందుకే మిస్సిసాగాలో ఈ ఉద్యోగం దొరికినప్పుడు నాకున్న కోరిక ఒకటే. ఈసారి నేను వెళ్తానన్న రోజున వెళ్ళాలి, వాళ్ళు పంపిన రోజున కాదు. దానికి ముందు మూడు నెలల ప్రొబేషన్ దాటాలి.

గోదాముల్లో పార్సిళ్ళ మీద అంటించే లేబుళ్ళను ముద్రించే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. చాలా దేశాల్లో వాడేవారు. అందులో మార్పు వచ్చినప్పుడల్లా దాన్ని గోదాములకు పంపడం మా టీమ్ పని.

అంత వేగంగా పెరిగే చోటును నేను అంతకు ముందు చూడలేదు. నేను చేరిన రోజున కాఫీ మెషీన్ పక్కన ఖాళీగా ఉన్న గదిలో నెల తిరక్కముందే పన్నెండు మంది కూర్చున్నారు. ఎవరికీ సొంత కుర్చీ లేదు. పొద్దున్నే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ లాప్‌టాప్ తెరవడమే. నన్ను ఇంటర్వ్యూ చేసినాయన రెండో వారంలో సింగపూర్ పనికి మారిపోయారు. ఆయన తర్వాత వచ్చినావిడ ఐదో వారంలో వేరే టీమ్ పెట్టుకున్నారు. ఏడో వారంలో నాకు మేనేజర్‌గా వచ్చినమ్మాయిది కరీంనగర్. సస్కటూన్‌లో చదువుకుంది. నా కూతురి కంటే ఆరేళ్ళు చిన్నది. మీటింగుల్లో అందరిలాగే నన్ను పేరుపెట్టి పిలిచేది, మీటింగ్ అయిపోగానే "అంకుల్" అనేది. నా ప్రొబేషన్ రివ్యూ రాయాల్సింది ఆ అమ్మాయే.

మా పని చేసే విధానమంతా ఆన్‌లైన్‌లో ఒక పేజీలో ఉండేది. మొత్తం పద్నాలుగు స్టెప్పులు. దాన్ని ఎవరైనా, ఎప్పుడైనా మార్చవచ్చు. అది నాకు మింగుడుపడలేదు. మొదటి వారంలోనే ఆ పద్నాలుగింటినీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను. ఏ స్టెప్ ఎందుకు చేస్తారో తెలిసినవాళ్ళను అడిగి, పక్కన మార్జిన్‌లో రాసుకున్నాను. ఇక స్క్రీన్ చూడటం మానేసి నోట్‌బుక్ చూస్తూ పనిచేసేవాణ్ణి.

పదో వారం, బుధవారం ఉదయం ఒక మార్పు పంపాను. నోట్‌బుక్ ప్రకారం తొమ్మిదో స్టెప్: అన్ని గోదాములకూ ఒకేసారి పంపాలి. ముందటి శుక్రవారమే ఎవరో దాన్ని మార్చారు. ముందు ఒక్క గోదాముకు పంపి, లేబుళ్ళు సరిగ్గా వస్తున్నాయని చూసుకున్నాకే మిగతావాటికి పంపాలి. అది నా నోట్‌బుక్‌లో లేదు. నేను పంపినదాంట్లో ఒక లోపం ఉంది; నలభై నిమిషాల పాటు అన్ని గోదాముల్లోనూ ప్రింటర్లు ఖాళీ లేబుళ్ళు కక్కాయి.

ఆ సాయంత్రం మగ్గూ చెప్పులూ తెచ్చి కారు డిక్కీలో పెట్టేశాను. ఈసారి అట్టపెట్టె మోసుకుంటూ అందరి ముందూ నడవకూడదని.

"నలభై ఏళ్ళు డైరీ రాసినాయన, చివరికి రాసుకున్నందుకే దొరికిపోయారు" అంది మా ఆవిడ. తర్వాత నా మొహం చూసి టీ పెట్టింది.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏదైనా చెడిపోతే, అది ఎవరి చేతిలో చెడిపోయిందో వాళ్ళే రిపోర్టు రాసి అందరి ముందూ చదవాలి. నాకు తెలిసిన ఆఫీసుల్లో దాన్ని సంజాయిషీ అంటారు. అలాగే రాశాను. పూర్తి బాధ్యత నాదేననీ, ఇటువంటి పొరపాటు మళ్ళీ జరగదని హామీ ఇస్తున్నాననీ రెండు పేజీలు రాసి, మేనేజర్‌కి పంపాను.

పది నిమిషాల్లో వచ్చి నా పక్కన కూర్చుంది. "అంకుల్, ఇది రిపోర్టా, క్షమాపణ పత్రమా?"

"తప్పు నాదే కదమ్మా."

"మీదే. ఎవరు కాదన్నరు? మీ పేరు ఐదుసార్లు రాసిన్రు. ఇక్కడ రిపోర్టుల మనుషుల పేర్లు రాయం. రేపు మీరు లీవ్ పెడితే, మీ ప్లేస్‌ల ఇంకొకరు చేస్తే, ఇదే తప్పు జరగదా?"

"ఇంకొకరు నోట్‌బుక్ చూసి చెయ్యరు."

"మరి మీరెందుకు చూసిన్రు? అది రాయండి."

"నిన్న చదివింది ఇవాళ అలాగే ఉంటుందన్న నమ్మకం లేక" అన్నాను.

పకపకా నవ్వింది. "పేజీ మారుతదని భయపడి రాసుకున్నరు, అది మారినందుకే ఇరుక్కున్నరు. సరే, ఇదే రాయండి. ఇంత మంచి కారణం ఇంకోటి ఉండదు."

శుక్రవారం మీటింగులో కొత్త రిపోర్టు చదివాను. నా పేరున్న చోట 'పని చేస్తున్న వ్యక్తి' అని ఉంది. చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చదవడం ముగించి కాగితాలు మడిచాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు స్క్రీన్ మీద, మా హైదరాబాద్ ఆఫీసు నుంచి మీటింగులో ఉన్న ఆవిడ, గోడకు అంటించుకున్న ఒక కాగితాన్ని పీకి కెమెరాకు చూపించింది. అదే పేజీ ప్రింటు. తొమ్మిదో స్టెప్ పాతదే. ఇంకొకాయన తన ఫోన్‌లో ఉన్న ఫోటో చూపించాడు. అదీ పాతదే. గదిలో నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వాను.

"అసలు నాలుగో స్టెప్ ఎందుకుంది? తీసేద్దామా?" అని ఎవరో అడిగారు. ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు వేరే టీములకు వెళ్ళిపోయారు. నేను నోట్‌బుక్ తెరిచి మార్జిన్ చదివాను. ఆ స్టెప్ లేకపోతే అప్పటికే క్యూలో ఉన్న లేబుళ్ళు రెండుసార్లు ముద్రించబడతాయి. తర్వాత ఆరోది అడిగారు. తర్వాత పదకొండోది. గంట మీటింగు రెండు గంటలు సాగింది.

ఆ పై వారం నా మార్జిన్లన్నీ ఆ పేజీలోకి ఎక్కాయి. ఎవరైనా ఏదైనా మారిస్తే ఏం మారిందో, ఎందుకు మారిందో పక్కనే రాయాలన్న నియమం పెట్టారు. నేను స్క్రీన్ చూసి పనిచేయడం నేర్చుకున్నాను. నోట్‌బుక్‌లో అప్పట్నుంచి ప్రశ్నలు మాత్రమే రాసుకునేవాణ్ణి.

ప్రొబేషన్ చివరి రోజున మేనేజర్ నన్ను చిన్న గదిలోకి పిలిచింది. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళాను, ఏదైనా సంతకం పెట్టమంటారేమోనని.

"మీ రివ్యూ అయిపోయింది అంకుల్. పాసైన్రు. ఒక్క విషయం అడుగుతా, మీ మగ్గు ఏమైంది? రోజూ పేపర్ కప్పుల తాగుతున్నరు."

"కారులో ఉంది."

"కారులెందుకు?"

పార్కింగ్‌కు వెళ్ళి, డిక్కీ మీది మంచు తుడిచి, మగ్గూ చెప్పులూ తెచ్చుకున్నాను. మగ్గు ఎంత చల్లబడిందంటే మొదట పోసిన కాఫీ వెంటనే గోరువెచ్చగా అయిపోయింది. అలాగే తాగాను.

ఆ తర్వాత అక్కడ నాలుగేళ్ళున్నాను. నేను వెళ్తానని చెప్పిన రోజునే వెళ్ళాను. వెళ్ళే ముందు ఆ పేజీ ఒకసారి తెరిచి చూశాను. తొమ్మిదో స్టెప్ మళ్ళీ మారింది. ఎందుకు మారిందో పక్కనే రాసి ఉంది.